ఏం చూపిస్తే దేవుడని ఒప్పుకోవాలి?

లంకగ్రామం | శనివారం, ఉదయం 6:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి మీ సాయం కావాలి.

మాది కోనసీమ. అమ్మ పోయాక నన్ను పెంచింది మా పెద్దమ్మ. నాలుగేళ్ళుగా ఆవిడ ఒక స్వామి దగ్గరికి వెళ్తోంది. ఊరూ పేరూ చెప్పను. ఆయన గురువు మాత్రమే కాదని, సాక్షాత్తూ భగవంతుడే దిగొచ్చాడని అక్కడివాళ్ళ నమ్మకం. ఆయనా కాదనడు. ముందు పెద్దమ్మ గాజులు వెళ్ళాయి. ఇప్పుడు పెదనాన్న వదిలి వెళ్ళిన ఎకరంన్నర కొబ్బరితోట ఆశ్రమం పేర రాసిస్తానంటోంది. వచ్చే గురువారం రిజిస్ట్రేషన్.

మొన్న వెళ్ళి గట్టిగానే మాట్లాడాను. రుజువేంటి, రుజువేంటి అని పదిసార్లు అడిగి ఉంటాను. ఆవిడ కోప్పడలేదు. పీట వాల్చుకుని కూర్చుని, "సరేరా, ఆయన దేవుడు కాదంటున్నావు. ఏం చూపిస్తే దేవుడని నమ్ముతావో నువ్వే చెప్పు. వెళ్ళి అదే అడుగుతాను" అంది.

నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా ఆలోచించినా తట్టలేదు. ఏది చూపించినా "అది కాదు, ఇంకోటి" అనేవాడినే కదా, అలాంటప్పుడు రుజువు అడిగే హక్కు నాకుందా అనిపించింది.

దేవుడున్నాడా లేడా అన్నది కాదు నా ప్రశ్న. ఎదురుగా ఒకరు నిలబడి "నేనే దేవుణ్ణి" అంటే, బుద్ధి పెట్టి ఆలోచించేవాడు దేన్ని చూసి ఔనని ఒప్పుకోవాలి?


ఓరుగల్లు_పోరడు | శనివారం, ఉదయం 7:05

తమ్మీ, నేను ఇరవై ఏండ్ల సంది జన విజ్ఞాన వేదికోళ్లతోని బడులల్ల తిరుగుతున్న. ముందుగాల ఏది రుజువు కాదో చెప్త. గాలిల చెయ్యి తిప్పి విభూది తీసుడు మా ఎనిమిదో తరగతి పిల్లలు చేస్తరు. నెయ్యి పోస్తె మంటలేని హోమం అంటుకునుడంటే, అది నెయ్యి కాదు గ్లిజరిన్, కింద పొటాషియం పర్మాంగనేటు ఉంటది. నిప్పుల గుండం నేనే పదిసార్లు తొక్కిన. కట్టెబొగ్గు వేడి తొందరగ అరికాలుకు ఎక్కది, ఆగకుండ నడిస్తే కాలదు. మా దిక్కు పీర్ల పండుగకు ఎంతమంది తొక్కుతరో చూసినోళ్లకు ఎరుకే.

1995 సెప్టెంబర్ 21 యాదున్నదా? దేశమంతట వినాయకుడు పాలు తాగిండు. చెంచతోని తొండంకాడ పెడితే పాలు మాయం. ఢిల్లీ నుంచి పోయిన శాస్త్రవేత్తలు పాలల్ల రంగు కలిపి చూస్తె, అవి విగ్రహం మీదికెల్లి సన్నని పొరలెక్క కిందికి కారుడు కనిపించింది. తలతన్యత, కేశనాళికీయత అనే ద్రవాల గుణాలు. గంతే.

సిలోన్ల అబ్రహాం కోవూర్, మోసం లేకుండ మహిమ చూపెట్టినోళ్లకు లక్ష రూపాయలని 1963ల పందెం పెట్టిండు. 1978ల ఆయన పోయేదాక ఎవ్వరు గెలువలే. అమెరికాల జేమ్స్ రాండి 1964ల వెయ్యి డాలర్లతోని మొదలుపెట్టి పది లక్షలకు తీసుకపోయిండు. 2015 దాక ఒక్కలు గూడ మొదటి పరీక్ష దాటలే. మీ పెద్దమ్మకు ఇది చెప్పు.


లంకగ్రామం | శనివారం, ఉదయం 7:31

అన్నా, ఇవన్నీ చెప్పాను. ఆవిడ ఏమందంటే, "ఆయన విభూది తీయడురా. గారడీవాడు కాదు, దేవుడన్నాను." ఆవిడ అడిగింది ఏది రుజువు కాదో కాదు, ఏది రుజువో.


ఓరుగల్లు_పోరడు | శనివారం, ఉదయం 7:40

గా మాట నిజమే. అదైతె నేనెప్పుడు ఆలోచించలే తమ్మీ. అడ్డం మాట్లాడ, ఇంటుంట.


కృష్ణాతీరం | శనివారం, ఉదయం 9:12

నాయనా లంకగ్రామం, మీ పెద్దమ్మగారి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ముప్పై నాలుగేళ్ళు తెలుగూ సంస్కృతమూ చెప్పి రిటైరయినవాణ్ణి. నాకు ఏ తరగతిలోనూ ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

మన శాస్త్రాల్లో ఒక మాట ఉంది: లక్షణ ప్రమాణాభ్యాం వస్తుసిద్ధిః. వస్తువు ఉందని తేల్చాలంటే ముందు దాని లక్షణం చెప్పాలి, తరవాత ప్రమాణం చూపాలి. మెడ కింద గంగడోలు ఉండేది ఆవు అని ముందు అనుకుంటేనే, ఎదురుగా ఉన్నది ఆవో కాదో తేలుతుంది. మీ ఇద్దరి మధ్య లోపించింది ప్రమాణం కాదు, లక్షణం. ఆవిడ "దేవుడు" అన్నప్పుడు ఏ దేవుడు? స్వర్గంలో ఉండే దేవతా, సృష్టి స్థితి లయలు చేసే ఈశ్వరుడా, లేక ఉపనిషత్తులు చెప్పే బ్రహ్మమా? మూడింటికీ మూడు పరీక్షలు.

మొదటిది తేలిక. నన్నయగారి అరణ్యపర్వంలో దమయంతీ స్వయంవరం గుర్తు చేసుకోండి. నలుడితో పాటు ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నారు. దమయంతి ఎలా పోల్చింది? దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో దండ వాడదు, నేలమీద కాలు ఆనదు, నీడ పడదు. అందుకే వాళ్ళను అనిమిషులన్నారు. కంటితో చూసి తేల్చదగిన లక్షణాలు ఇవి.

అయితే ఇవన్నీ ఉన్నా అతడు దేవతే అవుతాడు, పరమేశ్వరుడు కాడు. మన సంప్రదాయంలో శక్తి ఎన్నడూ దైవత్వానికి గుర్తు కాలేదు. రావణుడికి లేని శక్తి ఏముంది? యోగసూత్రాల్లో పతంజలి, సిద్ధులు పుట్టుకతో, ఓషధులతో, మంత్రంతో, తపస్సుతో, సమాధితో వస్తాయన్నాడు. ఓషధులతో కూడా! అవే సమాధికి అడ్డంకులని కూడా ఆయనే విభూతి పాదంలో చెప్పాడు. గాల్లో తేలినవాడు నిజంగానే తేలినా, అతడు సిద్ధుడని మాత్రమే శాస్త్రం ఒప్పుకుంటుంది.


రెహానా_కడప | శనివారం, ఉదయం 10:48

మాస్టారు చెప్పినదే మా వైపు నుంచి చెప్తాను. హదీసుల్లో (ప్రవక్త మాటల సంకలనాల్లో) కడపటి రోజుల్లో వచ్చే మహా మోసగాడు దజ్జాల్ ప్రస్తావన ఉంది. వాడు నేనే ప్రభువునంటాడు, ఆకాశాన్ని ఆజ్ఞాపిస్తే వాన కురుస్తుంది, కళ్ళెదుటే అద్భుతాలు జరుగుతాయి. అయినా నమ్మొద్దన్నారు ప్రవక్త. కారణం కూడా చెప్పారు: వాడు ఒంటికన్నువాడు, మీ ప్రభువు ఒంటికన్నువాడు కాదు. చిన్నప్పుడు ఇది పిల్లల్ని భయపెట్టే కథలా వినేదాన్ని. పెద్దయ్యాక అర్థమైంది, ఎంత పెద్ద అద్భుతమైనా లక్షణం కుదరకపోతే చెల్లదని దాని సారం.

ఖుర్‌ఆన్‌లో రెండో సూరాలో ఇబ్రాహీం అలైహిస్సలాం ఒక రాజుతో వాదిస్తారు. "నా ప్రభువు ప్రాణం పోస్తాడు, తీస్తాడు" అంటే రాజు "నేనూ పోస్తాను, తీస్తాను" అంటాడు. రాజు కదా, ఒకణ్ణి వదిలేస్తాడు, ఒకణ్ణి చంపిస్తాడు. మాటని అలా వంచొచ్చు. అప్పుడు ఇబ్రాహీం "అల్లాహ్ సూర్యుణ్ణి తూర్పున తెస్తాడు, నువ్వు పడమర నుంచి తీసుకురా" అంటారు. రాజు నోరు పడిపోతుంది. వంచడానికి వీల్లేని, అందరికీ కనబడే, ముందే చెప్పిన పరీక్ష అంటే అది.


మిరపతోట | శనివారం, ఉదయం 11:30

రెహానా గారూ, మా గ్రంథంలోనూ అలాంటి ఘట్టం ఉంది. కర్మెలు పర్వతం మీద ఏలీయా ప్రవక్త ఒక్కడు, ఎదురుగా బయలు అనే వేరే దేవుడి ప్రవక్తలు 450 మంది. నిప్పు పెట్టకుండా బలి ఎవరి దేవుడు దహిస్తాడో చూద్దామన్నాడు. తన వంతు వచ్చినప్పుడు ఏం చేశాడో చూడండి. నాలుగు బానల నీళ్ళు మూడుసార్లు పోయించాడు. కట్టెలు తడిసి, చుట్టూ తవ్విన కందకం నిండింది. దొంగచాటు నిప్పు దాచాడని ఎవరూ అనకుండా తనమీద తానే నిబంధన పెట్టుకున్నాడు. ఓరుగల్లు అన్న చెప్పిన రాండి పరీక్షకీ దీనికీ పద్ధతిలో తేడా లేదు.

కానీ అదే బైబిలు అబద్ధపు క్రీస్తులు కూడా గొప్ప సూచక క్రియలు చేస్తారని మత్తయి 24లో హెచ్చరిస్తుంది. ద్వితీయోపదేశకాండం 13లో ఇంకా ముందుకెళ్ళి, ప్రవక్త చెప్పిన సూచన నిజంగా జరిగినా వేరే దేవుళ్ళ వైపు పిలిస్తే వాడి మాట వినొద్దంటుంది. సూచన ఒక్కటే చాలదని మూడు మతాలూ ఒప్పుకుంటున్నాయి.


బిట్లబాట | శనివారం, మధ్యాహ్నం 2:15

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, నా కోణంలో చెప్తాను.

శక్తితో వచ్చే చిక్కు ఏమిటంటే, మనకన్నా ముందున్నవాడు ఎవడైనా మనకు దేవుడిలాగే కనిపిస్తాడు. 1504 ఫిబ్రవరి 29న జమైకాలో కొలంబస్ చేసింది ఇదే. ఓడలు పాడై నెలల తరబడి చిక్కుకుపోయాడు. అక్కడివాళ్ళు తిండి ఇవ్వడం మానేశారు. అతని దగ్గర గ్రహణాల పట్టిక ఉంది. "నా దేవుడికి కోపం వచ్చింది, ఈ రాత్రి చంద్రుణ్ణి తీసేస్తాడు" అన్నాడు. చంద్రగ్రహణం పట్టింది, తిండి వచ్చింది. అతని దగ్గరున్నది మన సిద్ధాంతి గారి పంచాంగంలో ఉండే లెక్కే.

కాబట్టి శక్తిని వదిలేసి జ్ఞానాన్ని పరీక్షిద్దాం. ఆర్‌ఎస్‌ఏ-2048 అని ఒక సంఖ్య ఉంది. 617 అంకెలు. రెండు ప్రధాన సంఖ్యల గుణకారం. 2001 నుంచి అందరి ముందూ ఉంది, ఆ రెండు సంఖ్యలు ఏవో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇదే కోవలో 250 అంకెల సంఖ్యను 2020లో విడగొట్టడానికి ఒక ప్రాసెసర్ మీద అయితే సుమారు 2,700 ఏళ్ళు పట్టేంత లెక్క చేయాల్సి వచ్చింది. కానీ జవాబు ఇచ్చారో, సరిచూడడం ఫోన్లో క్షణం పని. స్వామివారికి చీటీ మీద ఆ సంఖ్య రాసివ్వండి. సర్వజ్ఞుడికి అది కష్టం కాదు. ఇందులో చేతివాటం కుదరదు, మాట వంచడం కుదరదు, భక్తుడూ నాస్తికుడూ ఒకే గుణకారం చేసి చూసుకోవచ్చు.


సుశీల_విశాఖ | శనివారం, సాయంత్రం 4:02

తమ్ముడూ బిట్లబాట, తెలివైన పరీక్షే. కానీ ఒకవేళ చెప్పేశాడనుకోండి, మీరు పూజ చేస్తారా? ఎక్కడో ఎవరో కొత్త కంప్యూటర్ కట్టి రహస్యంగా ఉంచారని అనుకోరూ?


బిట్లబాట | శనివారం, సాయంత్రం 4:20

అక్కా, నిజాయితీగా చెప్తున్నాను, అదే అనుకుంటాను. క్వాంటమ్ కంప్యూటర్‌తో దాన్ని చేసే పద్ధతి 1994లోనే కాగితం మీద ఉంది. నా పరీక్ష తప్పినవాడు సర్వజ్ఞుడు కాదని చెప్పగలను, లేదా చెప్పడం ఇష్టం లేదని. నెగ్గినవాడు సర్వజ్ఞుడని చెప్పలేను.


కృష్ణాతీరం | శనివారం, రాత్రి 8:45

బాబూ బిట్లబాట, మీరు చివర రాసిన వాక్యం చదివి లేచి వెళ్ళి పుస్తకాల బీరువా తెరిచాను. ఏడో శతాబ్దంలో కుమారిల భట్టు శ్లోకవార్తికంలో ఇదే మాట అన్నాడు. బౌద్ధులు బుద్ధుడు సర్వజ్ఞుడంటే ఆయన అడిగాడు: ఆ కాలంలో ఆయన ఎదురుగా ఉన్నవాళ్ళకైనా ఆయన సర్వజ్ఞుడని ఎలా తెలిసింది? ఆయన జ్ఞానమూ, ఆ జ్ఞానానికి విషయమైనదీ తెలియనివాడు ఆయనకు అన్నీ తెలుసని ఎలా నిర్ణయిస్తాడు? సర్వజ్ఞుణ్ణి గుర్తించాలంటే గుర్తించేవాడూ సర్వజ్ఞుడు కావాలి, అతణ్ణి గుర్తించడానికి ఇంకొకడు కావాలి, ఇలా సర్వజ్ఞుల వరసే కట్టాలి.

కుమారిలుడు వేదాన్ని ప్రాణంగా చూసుకున్న మీమాంసకుడని మరిచిపోకండి. ఈ ప్రశ్న నాస్తికుడి నోట పుట్టలేదు.

ఇంకొకటి. కేనోపనిషత్తులో దేవతల ముందు ఒక యక్షం ప్రత్యక్షమవుతుంది. అగ్ని వెళ్తే ఒక గడ్డిపరక పెట్టి కాల్చమంది, కాలలేదు. వాయువు వెళ్తే ఎగరగొట్టమంది, కదల్లేదు. ఇద్దరూ వెనక్కొచ్చి "అదేమిటో తెలుసుకోలేకపోయాం" అన్నారు. శక్తి రుజువైంది, గుర్తింపు కాలేదు. ఇంద్రుడు వెళ్ళేసరికి యక్షం మాయమై, ఆ చోట ఉమా హైమవతి కనిపించి "అది బ్రహ్మము" అని చెప్తే గానీ తెలియలేదు. దేవతలకే దిక్కులేదు, మనమెంత?


బిట్లబాట | శనివారం, రాత్రి 9:30

మాస్టారూ, కుమారిలుడి వాదనకి మా శాస్త్రంలో సగం జవాబు ఉంది. చెప్పనివ్వండి.

నాకు రంగులు తెలియవనుకోండి. మీరు రెండు బంతులు ఇచ్చి ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ అంటారు. నాకు రెండూ ఒకటే. నేను వాటిని వీపు వెనక పెట్టుకుని, మార్చో మార్చకుండానో ముందుకు చూపి "మార్చానా?" అని అడుగుతాను. మీరు ఊరికే ఊహిస్తుంటే ఇరవైసార్లు వరసగా సరిగ్గా చెప్పే అవకాశం 10,48,576లో ఒకటి. ఇరవై సార్లూ సరిగ్గా చెప్తే, నాకు కనబడని తేడా మీకు కనబడుతోందని నేను నమ్మి తీరాలి. అంటే తక్కువ తెలిసినవాడు ఎక్కువ తెలిసినవాణ్ణి సరైన ప్రశ్నలతో పరీక్షించగలడు. 1990లో అడీ షమీర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీన్ని చాలా దూరం తీసుకెళ్ళాడు. మన జీవితకాలంలో చేయలేని లెక్కల జవాబుల్ని కూడా ఇలా ప్రశ్నలు వేసి సరిచూడొచ్చని రుజువు చేశాడు.

కానీ సగమే అన్నాను. "నాకన్నా చాలా ఎక్కువ తెలుసు" వరకే ఈ దారి వెళ్తుంది. "అన్నీ తెలుసు" దగ్గర ఆగిపోతుంది. ఏ ప్రోగ్రామైనా ఆగుతుందో ఆగదో ముందే చెప్పే సార్వత్రిక పద్ధతి ఉండదని గణితవేత్త ట్యూరింగ్ 1936లో చూపించాడు. ఒక జీవి "ఇది ఎప్పటికీ ఆగదు" అంటే, ఎంతకాలం కూర్చుని చూస్తే నమ్మాలి? కుమారిలుడు అక్కడ గెలిచాడు. ఎన్ని పరీక్షలు పెట్టినా అవి లెక్కకు వచ్చేవే. అనంతం ఎప్పుడూ వాటికి అవతలే మిగిలిపోతుంది.


రాయలసీమ_రాగిసంగటి | ఆదివారం, ఉదయం 7:50

లెక్కలు నాకు తెలీవు. మాది అనంతపురం జిల్లా. మా ఊర్లో బోరు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన ముసలోళ్ళని చూసినా, ఫ్లోరైడు. 1990ల్లో సత్యసాయి ట్రస్టు 700కు పైగా ఊళ్ళకు మంచినీళ్ళు తెచ్చింది. మా వీధి కొళాయి దగ్గర మా అవ్వ మొదటి బిందె పట్టి పసుపు కుంకుమ పెట్టింది. మా అవ్వకి దేవుడంటే ఆ నీళ్ళు. మీరంతా సర్వజ్ఞుడు, అనంతం అంటాండారు. ఆమెకి ఏం చెప్తారు?


ఓరుగల్లు_పోరడు | ఆదివారం, ఉదయం 8:25

అన్నా, నల్గొండల ఫ్లోరైడు నేను గూడ చూసిన. ఆ నీళ్లను తక్కువ చేసి మాట్లాడ. మీ అవ్వ దండం పెట్టుడు న్యాయమే.

గని రెండు ముచ్చట్లు వేర్వేరు. 1976ల బెంగళూరు యూనివర్సిటీ ఉపకులపతి హెచ్. నరసింహయ్య కమిటీ వేసి, మహిమలు మా ముందర చూపియ్యున్రి అని సత్యసాయికే ఉత్తరాలు రాసిండు. జవాబు రాలే. నీళ్లిచ్చిండు అంటే దయ ఉన్నదని రుజువు. దయ ఉన్నోడల్ల దేవుడైతే, 1847ల మొదలుపెట్టి 1852 కల్లా గోదావరి మీద ఆనకట్ట కట్టిచ్చిన కాటన్ దొర గూడ దేవుడే. గోదారోళ్లు ఆయనకు విగ్రహాలు పెట్టి దండలేస్తరు. గని ఆయన సృష్టికర్త అని ఒక్కలు గూడ అనలే. మెచ్చుకునుడు ఏరే, ఒప్పుకునుడు ఏరే.


రాయలసీమ_రాగిసంగటి | ఆదివారం, ఉదయం 9:10

కాటన్ మాట బాగుంది. మా అవ్వ ఉండింటే ఆ తేడా పట్టించుకోదు, కానీ నేను పట్టించుకుంటా. ఒక్కటి మాత్రం వదలను. దయ లేకుండా ఎంత శక్తి చూపినా దేవుడని నేను ఒప్పను. దయ చాలదు సరే, అది లేకుంటే మాత్రం కుదరదు.


సుశీల_విశాఖ | ఆదివారం, ఉదయం 10:35

నేను ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను, క్యాన్సర్ వార్డులో ఎక్కువకాలం. రోజూ లలిత చదువుకునే మనిషిని. అందుకే ఇది చెప్పాలి.

వైద్యం అందకుండానే గడ్డ కరిగిపోయిన కేసులు ఉంటాయి. చాలా అరుదు, కానీ ఉంటాయి. వాళ్ళలో ఒకరు తిరుపతి మొక్కుకుని ఉంటారు, ఒకరు లూర్దుమాతకు, ఒకరు ఎవరికీ మొక్కుకోకపోవచ్చు. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1883 నుంచి డాక్టర్ల బ్యూరో ఉంది. రోగ నిర్ధారణ కచ్చితంగా ఉండాలి, హఠాత్తుగా తగ్గాలి, పూర్తిగా తగ్గాలి, తిరిగి రాకూడదు, చికిత్స వల్ల అని చెప్పలేనిది కావాలి. ఇన్ని వడపోతల తరవాత 2018లో చర్చి గుర్తించినది 70వది మాత్రమే. వస్తున్న లక్షల మందితో పోలిస్తే ఎంత జాగ్రత్తో చూడండి. అంతా అయ్యాక డాక్టర్లు చెప్పేది "మాకు తెలిసిన వైద్యంతో వివరించలేం" అన్న ఒక్క ముక్క. అక్కడి నుంచి "దేవుడు చేశాడు" అనేది చర్చి మాట, డాక్టర్ల మాట కాదు. ఆ గీత నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

మా వార్డులో ఒక తల్లి ఉండేది. బిడ్డ పోయాక స్వామీజీ మనుషులు వచ్చి "నీ విశ్వాసం చాలలేదు" అన్నారు. ఆ మాట నేను ఈ జన్మలో మరిచిపోను. తగ్గితే మహిమ, తగ్గకపోతే నీ తప్పు. ఓడిపోయే దారి మూసేసిన పరీక్ష పరీక్ష కాదు. లంకగ్రామం బాబూ, పెద్దమ్మగారిని ఇదొక్కటి అడుగు. ఏం జరిగితే ఆయన దేవుడు కాదని ఆవిడ ఒప్పుకుంటారు? ఆవిడ నిన్ను అడిగిన ప్రశ్నకి అది రెండో సగం.


లంకగ్రామం | ఆదివారం, ఉదయం 11:15

సుశీల గారూ, ఇది చదివాక చాలాసేపు కదల్లేకపోయాను. నేను రుజువు అడుగుతూ "ఏదీ చాలదు" అని మనసులో పెట్టుకున్నాను. ఆవిడ నమ్ముతూ "ఏదీ కాదనదు" అని పెట్టుకుంది. ఇద్దరమూ తలుపు మూసుకునే మాట్లాడుకున్నాం.


మిరపతోట | ఆదివారం, మధ్యాహ్నం 12:40

యేసు శిష్యుడు తోమా సంగతి ఎవరూ ఎత్తలేదు. చనిపోయిన యేసు తిరిగి లేచాడని తోటివాళ్ళు చెప్తే, మేకుల గురుతులు చూసి వేలు పెడితే గానీ నమ్మనన్నాడు. యేసు కోప్పడలేదు, వెళ్ళగొట్టలేదు. వారం తరవాత వచ్చి వేలు పెట్టి చూడమన్నాడు. చూడక నమ్మినవారు ధన్యులని కూడా అన్నాడు, అది దాచను. కానీ అడిగినవాడికి ముందు చూపించాడు, తరవాతే ఆ మాట.


కృష్ణాతీరం | ఆదివారం, మధ్యాహ్నం 3:30

తోమా కథ చదివాక భృగువు గుర్తొచ్చాడు. సరస్వతీ తీరాన ఋషులు త్రిమూర్తుల్లో ఎవరు గొప్పో తేల్చమని ఆయన్ని పంపారు. బ్రహ్మకు నమస్కరించకపోతే ఆయన మండిపడ్డాడు. శివుడు కౌగిలించుకోబోతే ఈయన ఒప్పుకోలేదు, ఆయన త్రిశూలం ఎత్తాడు. విష్ణువు రొమ్ముమీద తన్నితే, ఆయన లేచి, నీ కాలు నొచ్చిందేమోనని పాదం ఒత్తాడు. శైవులకి ఈ కథ రుచించకపోవచ్చు, నేను ఎవరు గొప్పో చెప్పడానికి ఎత్తలేదు. భృగువు ఏం కొలిచాడో చూడండి. కొండ ఎత్తమనలేదు, భవిష్యత్తు చెప్పమనలేదు. అవమానిస్తే ఏం చేస్తాడో చూశాడు. ఆ తన్నుతోనే లక్ష్మి అలిగి వెళ్ళిందనీ, స్వామి వెతుక్కుంటూ శేషాచలానికి వచ్చాడనీ తిరుమల స్థలపురాణం. మనం రోజూ సుప్రభాతం పాడే గుడి కథకి మొదలు ఒక పరీక్షలో ఉంది. పరీక్షించడం పాపమని ఎవరైనా అంటే ఆ మాట చెప్పండి.

దానికి ఎదురుగా పౌండ్రకుణ్ణి పెట్టుకోండి. చుట్టూ చేరినవాళ్ళు నువ్వే వాసుదేవుడివని పొగిడితే నమ్మేశాడు. శంఖం, చక్రం, కౌస్తుభం అన్నీ చేయించుకుని, నేనే అసలువాణ్ణి, నీ గురుతులు వదిలెయ్ అని ద్వారకకు కబురంపాడు. భాగవతంలో ఆ ఘట్టం చదివినప్పుడల్లా వాడి మీద కోపం కన్నా, పొగిడినవాళ్ళ మీద ఎక్కువ కోపం వస్తుంది నాకు.


రెహానా_కడప | ఆదివారం, సాయంత్రం 5:10

మాస్టారూ, ఒక సందేహం. గుణం చూసి తేల్చితే మంచి మనిషికీ దేవుడికీ తేడా ఎలా తెలుస్తుంది? రాగిసంగటి గారు అన్నట్టు దయ ఉండాలి, కానీ దయ చాలదు కదా.


కృష్ణాతీరం | ఆదివారం, సాయంత్రం 5:55

తెలియదమ్మా. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. శక్తి చూస్తే సిద్ధుడని తేలుతుంది. జ్ఞానం చూస్తే మనకన్నా పెద్దవాడని తేలుతుంది. గుణం చూస్తే నమస్కరించదగినవాడని తేలుతుంది. ఆ మూడూ కలిపినా "ఇతడే ఈశ్వరుడు" అన్న మాట దగ్గర ఒక అడుగు మిగులుతుంది. న్యాయశాస్త్ర పండితుడు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి సాధించడానికి ఎన్నో హేతువులు చూపాడు. అవన్నీ జగత్తుకి కర్త ఉన్నాడని చెప్పడానికే, ఫలానా ఊళ్ళో ఫలానా ఆసనం మీద కూర్చున్నవాడు అతడేనని చెప్పడానికి ఒక్కటీ పనికిరాదు. ఆ చివరి అడుగు వేసేవాళ్ళు భక్తితో వేస్తారు. నేనూ నా దేవుడి విషయంలో వేశాను. కానీ దాన్ని రుజువనను. రుజువని చెప్పి ఇంకొకరి తోట అడగను.

అయితే కాదని తేల్చడం మాత్రం సాధ్యమే. బౌద్ధుల దీఘ నికాయంలో కేవట్ట సుత్తం ఉంది. ఒక భిక్షువు పంచభూతాలలో నాలుగు ఎక్కడ లయమవుతాయని మహాబ్రహ్మను అడిగాడు. ఆయన "నేను మహాబ్రహ్మను, సర్వం చూసేవాణ్ణి, సృష్టికర్తను" అంటాడు. "మీరెవరని అడగలేదు, నా ప్రశ్నకి జవాబు చెప్పండి" అన్నాడు భిక్షువు. మూడోసారికి బ్రహ్మ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, "ఈ దేవతలంతా నాకు అన్నీ తెలుసనుకుంటున్నారు, అందుకే వాళ్ళ ముందు చెప్పలేదు. నాకు తెలియదు" అంటాడు. అడిగింది చెప్పకుండా బిరుదులు చెప్పినప్పుడు ఆ భిక్షువు లాగా మళ్ళీ అడగడమే మనం చేయగలిగింది.


లంకగ్రామం | సోమవారం, రాత్రి 10:05

నిన్న సాయంత్రం బస్సెక్కి ఊరెళ్ళాను. ఇప్పుడే హైదరాబాదు తిరిగొచ్చాను. ఏం జరిగిందో రాస్తున్నాను, మీ అందరికీ ఆ బాకీ ఉంది.

పొద్దున కొబ్బరికాయల దింపు వాళ్ళు వచ్చారు. కాయలు కుప్పపోస్తుంటే పెద్దమ్మా నేనూ గట్టుమీద కూర్చున్నాం. "నీ ప్రశ్నకి జవాబు తెచ్చాను" అన్నాను. మొత్తం చెప్పాను. ఏ ఒక్కటి చూపించినా దేవుడని తేలదని, అది నా మొండితనం కాదని, పెద్దపెద్దవాళ్ళే అక్కడ ఆగిపోయారని. కానీ పెద్దవాడని తేలాలంటే మూడు చూస్తానన్నాను. ముందే చెప్పిన పరీక్ష, ఓడిపోతే ఒప్పుకునే మాట, అడిగినవాళ్ళ మీద కోపం రాకపోవడం.

617 అంకెల సంఖ్యకి తల అడ్డంగా ఊపింది. కుమారిలుడి మాట రెండోసారి చెప్పించుకుంది. దమయంతి కథ తనే పూర్తి చేసింది. భృగువు దగ్గరికి వచ్చేసరికి మాట్లాడ్డం మానేసింది. కాసేపయ్యాక అడిగింది, "తన్నితే కాలు పట్టుకున్నాడు కదూ?"

ఔనన్నాను.

"పోయిన కార్తీకమాసంలో ఒకమ్మాయి నిలబడి, డబ్బు లెక్కలు ఎక్కడ చూపిస్తారని అడిగింది. చిన్నపిల్ల, కాలేజీలో చదువుతోంది కాబోలు. స్వామి ఏమీ అనలేదు, చేత్తో ఇలా అన్నారు. ఇద్దరు వచ్చి రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. నేను భజన ఆపలేదు."

అంతకుమించి ఏమీ అనలేదు. లేచి కూలీలకి మజ్జిగ కలపడానికి వెళ్ళింది. నేను వెంటబడి అడగలేదు. బయల్దేరేముందు మాత్రం, గురువారం వెళ్తే నన్ను కూడా తీసుకెళ్ళమన్నాను, ఆ లెక్కల ప్రశ్న ఈసారి ఆవిడే అడగాలని, పక్కన నేను నిలబడతానని చెప్పాను. బీరువాలోంచి తోట దస్తావేజులు తీసి నా చేతికిచ్చింది. చదివి, సర్వే నంబరు సరిగ్గా ఉందో లేదో చూడమంది. రాసివ్వడానికో దాచడానికో చెప్పలేదు. అవి ఇప్పుడు నా బ్యాగులో ఉన్నాయి.


సుశీల_విశాఖ | సోమవారం, రాత్రి 10:40

బుధవారం రాత్రికే వెళ్ళిపో బాబూ. గురువారం పొద్దున ఆవిడ ఒంటరిగా లేవకూడదు.


కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 11:02

ఆ అమ్మాయి ఎవరో కనుక్కోండి నాయనా. వాళ్ళమ్మగారి ద్వారా తెలుస్తుంది. తప్పు అడగలేదని ఎవరో ఒకరు ఆ పిల్లకి చెప్పాలి.